ఎందుకు? ఎలా? : నాయనమ్మ దీపం ఆర్పి చూసింది

పిల్లలూ!

ఈ నెల మన శీర్షికకు ప్రశ్న మహబూబాబాదు జిల్లా తొర్రూరు నుంచి వచ్చింది. పంపినవాడు ఆరవ తరగతి చదివే అబ్బాయి. కాని ప్రశ్న అతనిది కాదు, వాళ్ళ నాయనమ్మది.

సెలవుల్లో ఆ అబ్బాయి చింతచెట్టెక్కాడు. కొమ్మ విరిగి కింద పడ్డాడు. మణికట్టు వాచింది. వాళ్ళ నాన్న ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఒక గదిలో అతని చెయ్యి బల్లమీద చాపించారు. పైన వేలాడే ఒక పెట్టెను చేతి మీదికి తిప్పారు. "కదలకు బాబూ!" అని చెప్పి, అక్కడి ఉద్యోగి అవతలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నాన్నను కూడా బయటికి పొమ్మన్నాడు. గిర్రుమని ఒక చప్పుడు, టిక్కుమని మరొక చప్పుడు. అంతే! నొప్పి లేదు, వేడి లేదు, కంటికి ఏ వెలుగూ కనిపించలేదు. కాసేపటికి బొమ్మ వచ్చింది. మణికట్టు దగ్గర ఎముకలో వెంట్రుక వాసి బీట! డాక్టరు కట్టు కట్టి పంపాడు.

ఇంటికి రాగానే నాయనమ్మకు బెంగ పట్టుకుంది. "కోయకుండ కొట్టకుండ లోపలి బొక్కను చూసిండ్రంటే ఏదో వెలుగు లోపలికి పోయినట్టే గద బిడ్డా! పోయింది బయటికొచ్చిందో లేదో ఎవలు చూసిండ్రు?" అన్నది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆమె దీపం ఆర్పి, దుప్పటి తీసి, మనవడి చెయ్యి మెరుస్తున్నదేమోనని చూసిందట! మెరవలేదు. అయినా ఆమెకు తృప్తి కలగలేదు. "మంచిదే అయితే ఆ సారు తలుపేసుకొని అవతలికెందుకు పోయిండు?" అని అడిగింది.

చూశారా! బాగా చదువుకున్నవాళ్ళు కూడా చాలామంది ఈ ప్రశ్న అడగరు. నాయనమ్మ అడిగింది ఒకటి కాదు, రెండు. ఎక్స్ కిరణాలు ఒంట్లో ఉండిపోతాయా? ఉండిపోకపోతే ఉద్యోగి ఎందుకు తప్పుకున్నాడు? ఈ రెంటికీ జవాబు కావాలంటే ఆ వేలాడే పెట్టెను విప్పి చూడాలి. మనం మనసులోనే విప్పుదాం. నిజంగా విప్పకూడదు సుమా!

పెట్టెకు లోపల సీసపు రేకు తాపడం ఉంటుంది. అంటే సీసా కాదు, సీసమనే బరువైన లోహం. అందులో నూనె, ఆ నూనెలో మునిగి ఒక గాజు గొట్టం. పొడుగు జానెడో, జానెడున్నరో ఉంటుంది. ఆ గొట్టంలో గాలి లేదు. ఉన్న గాలినంతా పంపులతో తోడేసి, మూతి కరిగించి మూసేశారు. దీన్నే శూన్యనాళం అంటారు.

గొట్టంలో ఒక చివర సన్నని టంగ్‌స్టన్ తీగె చుట్ట ఉంటుంది. వెనకటి కరెంటు బల్బులలో వెలిగే తీగె కూడా ఇదే. రెండో చివర, తీగెకు ఎదురుగా, టంగ్‌స్టన్‌తోనే చేసిన గట్టి బిళ్ళ ఉంటుంది. తీగె ఉన్న వైపును కాథోడు అనీ, బిళ్ళ ఉన్న వైపును ఆనోడు అనీ అంటారు. ఇంతే సామాను! ఇక ఈ రెంటి మధ్యా ఏం జరుగుతుందో చూడండి.

మొదట తీగెలోకి కరెంటు పంపుతారు. తీగె కాగి తెల్లగా వెలుగుతుంది. ప్రతి లోహంలోనూ ఎలక్ట్రాన్లనే అతి చిన్న కణాలు ఉన్నాయని మీరు పాఠంలో చదివే ఉంటారు. మరిగే ఎసరు మీది నుంచి ఆవిరి లేచినట్టు, బాగా కాగిన తీగెలోంచి ఎలక్ట్రాన్లు బయటికి వచ్చి, దాని చుట్టూ మబ్బులాగా మూగుతాయి.

తరవాత తీగెకూ బిళ్ళకూ మధ్య పెద్ద విద్యుత్తు ఒత్తిడి పెడతారు. మన ఇళ్ళలో వచ్చే కరెంటు 230 ఓల్టులు. అదే ముట్టుకుంటే ప్రాణం పోగలదు. ఇక్కడ చేతిని చూడటానికి పెట్టేది 50,000 నుంచి 60,000 ఓల్టులు! పెద్దవాళ్ళ రొమ్మును చూడటానికి లక్ష దాటి కూడా పెడతారు. ఎలక్ట్రాన్లు ఋణవిద్యుత్తు గలవి. బిళ్ళ వైపు ధనవిద్యుత్తు ఉంది. ఋణం ధనం వైపు పరుగెత్తుతుంది. ఆ పరుగు ఎంతటిదంటే, 60,000 ఓల్టుల దగ్గర ఎలక్ట్రాను బిళ్ళను చేరేసరికి దాని వేగం సెకనుకు సుమారు 1,30,000 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే సెకనులో ఈ భూగోళాన్ని మూడుసార్లు చుట్టి రావచ్చు!

ఇప్పుడు శూన్యం ఎందుకో చెబుతాను. అంగడి రోజున బజారు నిండా జనం ఉన్నప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి చూడండి. పది అడుగులు పోకముందే ఎవరినో గుద్దుకుంటారు, ఎవరి గంపో తన్నుకుంటారు. మర్నాడు తెల్లవారుజామున అదే బజారులో రివ్వుమని పోవచ్చు. గాలిలో ఎలక్ట్రాను గతి అంగడి గతే. మామూలు గాలిలో బయలుదేరిన ఎలక్ట్రాను మిల్లీమీటరులో వెయ్యోవంతు దూరం పోకముందే ఏదో ఒక గాలి అణువును ఢీకొంటుంది. అది వేగం పుంజుకునేదెప్పుడు? అందుకే గొట్టంలో గాలి ఒత్తిడిని బయటి ఒత్తిడిలో వందకోట్లవ వంతుకు, ఇంకా తక్కువకు దించుతారు. అయినా అందులో ఏమీ లేదనుకునేరు! ఒక్కొక్క ఘన సెంటీమీటరులో ఇంకా వందల కోట్ల అణువులు మిగిలే ఉంటాయి. కాని ఎలక్ట్రానుకు అది తెల్లవారుజాము బజారే. దారి ఖాళీ!

ఇలా దూసుకువచ్చిన ఎలక్ట్రాను బిళ్ళను తాకి ఆగిపోతుంది. ఈ ఆగటంలోనే ఉంది కిటుకంతా. కమ్మరి కొలిమి దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? సమ్మెట రివ్వున దిగి దాగలి మీద ఆగిపోతుంది. దాని వేగం ఏమైంది? ఊరికే మాయం కాలేదు. కొంత వేడి అయింది, కొంత చప్పుడయింది. ఎలక్ట్రాను వేగం కూడా మాయం కాదు. చాలాభాగం బిళ్ళలో వేడిగా మారుతుంది. కాని కొన్ని ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకానికి బాగా దగ్గరగా పోతాయి. ఆ కేంద్రకంలో 74 ధనవిద్యుత్తులు ఉన్నాయి. అది ఎలక్ట్రానును గట్టిగా లాగి, దారి వంచి, ఒక్క పెట్టున దాని వేగం తగ్గిస్తుంది. అప్పుడు పోయిన శక్తి కిరణంగా బయటపడుతుంది. అదే ఎక్స్ కిరణం!

మరో దారి కూడా ఉంది. ఒక్కొక్కప్పుడు దూసుకువచ్చిన ఎలక్ట్రాను, టంగ్‌స్టన్ పరమాణువులో లోపలి వరసలో ఉన్న ఎలక్ట్రానును తన్ని తరిమేస్తుంది. ఆ ఖాళీలోకి పై వరసలోని ఎలక్ట్రాను దిగుతుంది. దిగేటప్పుడు దానికి మిగిలిన శక్తి ఎక్స్ కిరణంగా వస్తుంది. ఇలా పుట్టే కిరణాలు ఒక్కొక్క లోహానికి ఒక్కొక్క తీరులో ఉంటాయి. మనిషిని గొంతునుబట్టి గుర్తుపట్టినట్టు, వీటినిబట్టి లోహాన్ని గుర్తుపట్టవచ్చు.

ఎక్స్ కిరణాలు దీపపు వెలుతురుకు తోబుట్టువులే. రెండూ ఒకే జాతి అలలు. కాని ఎక్స్ కిరణపు అల సుమారు పదివేల రెట్లు పొట్టిది, దాని శక్తి అన్ని రెట్లు ఎక్కువ. అందుకే వెలుతురు ఆగిపోయే చోట అది దూసుకుపోతుంది.

ఒక తమాషా వినండి. ఎలక్ట్రాన్లు తెచ్చిన శక్తిలో ఎక్స్ కిరణాలయ్యేది నూటికి ఒక పాలు, అంతకన్న తక్కువ. తక్కిన 99 పాళ్ళూ వేడే! ఇంత వేడి ఒక్కచోటే పడితే ఏ లోహమైనా కరిగిపోతుంది. అందుకనే 3,400 డిగ్రీలు దాటితేగాని కరగని టంగ్‌స్టన్‌ను ఎన్నుకున్నారు. అదీ చాలక, పెద్ద యంత్రాలలో బిళ్ళను నిమిషానికి 3,000 సార్లు, ఇంకా ఎక్కువ సార్లు గిరగిర తిప్పుతారు. దెబ్బ ఒకేచోట పడకుండా చుట్టూ పంచుకుంటుందన్నమాట. తొర్రూరు అబ్బాయి విన్న గిర్రుమనే చప్పుడు అదే!

మరి ఎముక ఎలా కనిపిస్తుంది? మీలో ఎవరైనా తోలుబొమ్మలాట చూసి ఉంటే ఇట్టే అర్థమవుతుంది. వెనక దీపం, మధ్యలో బొమ్మ, ముందు తెర. ఇక్కడ శూన్యనాళం దీపం, చెయ్యి బొమ్మ, కింది పలక తెర. మాంసంలోనూ చర్మంలోనూ ఉండేవి తేలికైన పరమాణువులు. కిరణాలు వాటిని చాలావరకు దాటిపోతాయి. ఎముకలో కాల్షియం, భాస్వరం ఉన్నాయి. అవి బరువైనవి. ఎక్కువ కిరణాలను పట్టి ఆపేస్తాయి. కిరణం తగిలినచోట ఫిల్ము నల్లబడుతుంది, తగలనిచోట తెల్లగా మిగులుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఫిల్ముకు బదులు కంప్యూటరుకు అందించే పలక వాడుతున్నారు గాని, సంగతి అదే. తెల్లని ఎముక మధ్య నల్లని గీత కనిపించిందా, అక్కడ బీట ఉందన్నమాట.

ఇక నాయనమ్మ మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. మీట నొక్కితేనే ఓల్టులు, ఓల్టులుంటేనే ఎలక్ట్రాన్ల పరుగు, ఆ పరుగు ఆగితేనే కిరణాలు. మీట వదిలిన క్షణంలోనే అన్నీ ఆగిపోతాయి. బయలుదేరిన కిరణాలు వెలుతురు వేగంతో పోతాయి. కొన్ని చెయ్యి దాటి పలకను చేరతాయి, కొన్ని దారిలో అణగారిపోతాయి. దీపం ఆర్పిన తరవాత, అంతదాకా పుస్తకం మీద పడిన వెలుతురు పుస్తకంలో దాక్కుని ఉంటుందా? ఉండదు గదా! ఇదీ అంతే. అబ్బాయి చేతిలో ఒక్క కిరణం కూడా మిగలలేదు.

అయితే నాయనమ్మ దీపం ఆర్పి చూసిందని నవ్వకండి. అసలు ఈ కిరణాలు దొరికింది చీకట్లో చూసినందువల్లనే!

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలం. జర్మనీ దేశంలో వూర్జ్‌బర్గ్ అనే ఊళ్ళో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే ఆచార్యుడు గాజు నాళంలో విద్యుత్తు పంపి పరీక్షలు చేస్తున్నాడు. నాళం వెలుగు బయటికి రాకుండా దాన్ని నల్ల అట్టతో కప్పి, గది చీకటి చేశాడు. చూస్తే కొంత దూరాన బల్లమీద, బేరియం ప్లాటినోసైనైడు అనే రసాయనం పూసిన అట్ట మెరుస్తున్నది! నాళం ఆపితే మెరుపు పోయింది. మళ్ళీ విద్యుత్తు పంపితే మెరిసింది. నల్ల అట్టను దాటి ఏదో వస్తున్నది. ఏమిటది? కొన్ని వారాలపాటు ఆయన ప్రయోగశాలలోనే తిండి, అక్కడే నిద్ర. డిసెంబరు 22న తన భార్య బెర్తా చేతిని ఫోటో పలక మీద పెట్టించి పావుగంట సేపు కిరణాలు పంపాడు. ఎముకలు, వేలికి ఉంగరం బొమ్మలో కనిపించాయి. బీజగణితంలో తెలియనిదాన్ని ఎక్స్ అంటాం గదా, అలాగే ఈ తెలియని కిరణాలకు ఆయన ఎక్స్ అని పేరు పెట్టాడు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. కిరణాల మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. అవి లోకానికంతటికీ చెందాలన్నాడు.

కాని రాంట్‌జెన్ నాటి నాళాలు పెంకిఘటాలు. వాటిలో కొంత గాలి మిగలనిచ్చేవారు. ఆ గాలి కణాలు కాథోడును కొడితేనే ఎలక్ట్రాన్లు వచ్చేవి. వాడుతున్నకొద్దీ లోపలి గాలి గాజుకూ లోహానికీ అంటుకుని తగ్గిపోయేది. నిన్న పనిచేసినట్టు ఇవాళ పనిచేసేది కాదు. 1913లో అమెరికాలో విలియం కూలిడ్జ్ అనే ఆయన ఈ చిక్కు విడదీశాడు. గాలిని వీలైనంత పూర్తిగా తీసేసి, ఎలక్ట్రాన్ల కోసం కాగే టంగ్‌స్టన్ తీగె పెట్టాడు. దానితో ఆపరేటరు చేతికి రెండు పగ్గాలు వచ్చాయి. తీగె వేడి పెంచితే కిరణాలు ఎక్కువవుతాయి. ఓల్టులు పెంచితే కిరణాలకు దూసుకుపోయే బలం ఎక్కువవుతుంది. ఈనాటి నాళాలన్నీ ఆ నాళానికి మనవలే.

ఈ శూన్యం కథలో మన తెలుగువాడొకరు ఉన్నారని మీకు తెలుసా? పశ్చిమగోదావరి జిల్లా భీమవరం దగ్గర గొరగనమూడి అనే పల్లె ఉంది. 1896లో, అంటే ఎక్స్ కిరణాలు దొరికిన మరుసటి ఏడు, అక్కడ భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు పుట్టాడు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు పోయి తపస్సు చేసి, స్వామి జ్ఞానానంద అయినాడు. ముప్పయ్యేళ్ళ వయసు దరిదాపుల్లో జర్మనీ వెళ్ళి, అక్కడ గణితమూ భౌతికశాస్త్రమూ చదవటానికి కూచున్నాడు! తరవాత ప్రాగ్ నగరంలో చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేశాడు. ఇంగ్లండులో, న్యూట్రానును కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశాడు. గాలిని ఎలా తోడాలి, మిగిలిన గాలిని ఎలా కొలవాలి అనే విషయాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం "హై వాక్యూవా" 1947లో అమెరికాలో అచ్చయింది. తిరిగి వచ్చి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. 1969లో కాలం చేశాడు. అక్కడి అణుపరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు. పల్లెటూరి పిల్లవాడు, పెద్దవాడయ్యాక చదువుకు కూచుని, ఏమీ లేని చోటును గురించి అంత పుస్తకం రాశాడంటే చిన్న విషయమా?

ఇప్పుడు నాయనమ్మ రెండో ప్రశ్న. ఆ ఉద్యోగి ఎందుకు తప్పుకున్నాడు?

ఎక్స్ కిరణం ఒంట్లో ఉండిపోదు, నిజమే. కాని పోతూ పోతూ కొన్ని పరమాణువులలోంచి ఎలక్ట్రాన్లను తన్నేస్తుంది. దానివల్ల శరీరంలోని జీవకణాలకు దెబ్బ తగలవచ్చు. కొద్దిపాటి దెబ్బలను శరీరమే బాగుచేసుకుంటుంది. రోజూ, ఏళ్ళ తరబడి తగిలితే కష్టం. మొదటి రోజుల్లో ఇది ఎవరికీ తెలియదు. నాళం బాగా పనిచేస్తున్నదో లేదో చూడటానికి ఆ పనివాళ్ళు తమ చెయ్యే అడ్డం పెట్టి చూసుకునేవారు. అమెరికాలో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే చేశాడు. చేతులు పుండ్లుపడ్డాయి. చివరకు చేతులు తీసేసినా బతకలేదు. 1904లో చనిపోయాడు. ఇలా ప్రాణాలు పోగొట్టుకున్న డాక్టర్లకూ, పనివాళ్ళకూ 1936లో జర్మనీలోని హాంబర్గులో ఒక స్మారక శిల నిలిపారు. దాని మీద మొదట చెక్కినవి 169 పేర్లు. ఈనాడు మనం భయం లేకుండా చెయ్యి చాపగలుగుతున్నామంటే, వాళ్ళు పడిన బాధ నేర్పిన పాఠం వల్లనే.

అబ్బాయి చేతికి తగిలిన కిరణాలు ఏపాటివి? నేలలోంచి, ఆకాశంలోంచి ఇలాంటి కిరణాలు కొద్దికొద్దిగా మనందరి మీదా ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. చేతి ఎక్స్-రే ఒకటి తీస్తే తగిలేది, మూడు గంటల్లో మనకు మామూలుగా తగిలేపాటిది. దానికి భయపడనక్కరలేదు. కాని ఆ ఉద్యోగి ఒక్క బొమ్మ తీసి ఇంటికి పోడు. రోజూ ఎన్నో తీస్తాడు, ఏడాది పొడుగునా తీస్తాడు. కొలిమి ముందుగా ఒకసారి నడిచిపోయేవాడు వేరు, రోజంతా కొలిమి ముందు కూచునేవాడు వేరు. అందుకే ఆయన గోడ చాటుకు పోతాడు. నాన్నకు ఎక్స్-రేతో పనిలేదు గనక ఆయనను బయట ఉండమన్నారు. పనిలేని చోట కొంచెమైనా ఎందుకు?

తల్లిదండ్రులు కూడా ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. డాక్టరు కావాలంటేనే ఎక్స్-రే తీయించాలి. వద్దంటే పట్టుపట్టకూడదు, కావాలంటే భయపడి మానకూడదు. గర్భిణి అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. పాత ఎక్స్-రేలను దాచి ఉంచి డాక్టరుకు చూపాలి, మళ్ళీ తీసే పని తప్పవచ్చు. పిల్లలూ, మీరు చేయవలసింది ఒకటే. కదలకండి! కదిలితే బొమ్మ చెదిరి, రెండోసారి తీయవలసి వస్తుంది.

ఈ నెల మీరు చేసి చూడవలసిన పని ఇది. చీకటి గదిలో టార్చిలైటు మీద అరచెయ్యి ఆనించండి. చెయ్యి ఎర్రగా వెలుగుతుంది, ఎముకలు మాత్రం కనిపించవు. మామూలు వెలుతురు మాంసంలో దారితప్పి అటూ ఇటూ చెదిరిపోతుంది. తరవాత టార్చిని దూరంగా పెట్టి, ఒక దువ్వెన నీడ గోడమీద పడనివ్వండి. దువ్వెనను గోడకు దగ్గరగా జరపండి, తరవాత టార్చి వైపు జరపండి. నీడ ఎప్పుడు తేటగా ఉంది? ఎప్పుడు అలుక్కుపోయింది? ఇప్పుడు చెప్పండి, అబ్బాయి చెయ్యిని పలకకు అంత దగ్గరగా ఎందుకు ఆనించి ఉంచమన్నారు?

తొర్రూరు అబ్బాయీ, ఈ పేజీ మీ నాయనమ్మకు చదివి వినిపించు. నీ చేతిలో ఏ వెలుగూ మిగలలేదని చెప్పు. ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవేనని కూడా చెప్పు. చింతచెట్టు సంగతి మాత్రం ఆమె చెప్పినట్టే వినాలి!

వచ్చే నెల మరో ప్రశ్న: మెరుపు ముందు కనిపించి, ఉరుము తరవాత వినిపిస్తుందెందుకు? అంతదాకా ఆలోచిస్తూ ఉండండి.